మింగేదాకా చూసే పని

శంషాబాద్ చుట్టుపక్కల నలభై ఊళ్లలో క్షయను తరిమికొట్టింది నేనేనని పెళ్లి పందిళ్లలో, బస్సుల్లో, మంగలి దుకాణంలో చెప్పుకుంటూ వచ్చాను. ఊళ్లు నలభై కావు, పదకొండు. వాటిలో రెండింటిని బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప దిగింది లేదు. క్షయ ఎక్కడికీ పోలేదు. ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు మొదటి విమానం దిగుతుంటే రన్‌వే పక్కన వైద్య బృందంతో నిలబడ్డానని కూడా చెబుతుంటాను. ఆ రోజు నేను మా దవాఖాన మేడ మీద, పిట్టగోడకు ఆనుకొని, పల్లీలు తింటూ చూశాను.

2014లో రిటైరయ్యాను. కాగితాల మీద అప్పుడు యాభై ఎనిమిదేళ్లు. బడిలో వేసేటప్పుడు మా నాయన మూడేళ్లు తగ్గించి రాయించాడు కాబట్టి ఆ ఒక్క అబద్ధం నాది కాదు.

ఈ మధ్య ట్రైనింగు సెంటరులో కొత్తగా చేరిన పిల్లలకు నా అనుభవాలు చెప్పమని పిలిచారు. గంటన్నర మాట్లాడాను. బాగా నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక, అందులో నిజం ఎంతసేపు చెప్పానని చూసుకుంటే పది నిమిషాలు కూడా తేలలేదు. ఈ కాగితాలు ఆ మిగిలిన గంటా ఇరవై నిమిషాల కోసం. ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటితో మీకు పని లేదు.

గొట్టం

నా ఉద్యోగం పేరు హెల్త్ సూపర్‌వైజర్. ఊరూరా ఉన్న ఆరోగ్య కార్యకర్తలు పని చేస్తున్నారో లేదో చూడటం, కార్డులు సరిచూడటం, మందులు చేరేలా చూడటం. రోగం పట్టుకోవడం నా పని కాదు, మందు రాయడం అసలే కాదు. కానీ తెల్ల బుష్‌షర్టు వేసుకొని, జేబులో పెన్ను పక్కన థర్మామీటర్ పెట్టుకొని స్కూటర్ దిగితే జనం "డాక్టర్ సాబ్ వచ్చిండు" అనేవాళ్లు. మొదట్లో ఒకటి రెండుసార్లు కాదన్నాను. తరువాత కాదనడం మానేశాను. ఆ తరువాత ఎవరైనా "విఠల్ సార్" అంటే లోపల ఎక్కడో చిన్నగా నొప్పి పుట్టేది.

క్షయ మందు పద్ధతి అప్పట్లో ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. దగ్గు తగ్గని మనిషి వస్తే డాక్టరమ్మ చూసి కఫం పరీక్షకు పంపేది. ల్యాబ్ టెక్నీషియన్ ఆ కఫాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద క్రిముల్ని వెతికేవాడు. ఉన్నాయని తేలితే ఆ రోగి పేరు రాసిన ఒక డబ్బా వచ్చేది. మొత్తం ఆరు నెలల మందు అందులోనే. ఆ డబ్బా ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర ఉండేది. మొదటి రెండు నెలలు సోమ, బుధ, శుక్రవారాల్లో రోగి ఆమె దగ్గరికి రావాలి. ఒక పట్టీ చింపి ఏడు మాత్రలు చేతిలో పోస్తుంది. ఆమె కళ్ల ముందే మింగాలి. మింగాక ఆమె కార్డు మీద ఒక టిక్కు పెడుతుంది.

ఇంత సులువైన పని నలుగురికి ఎందుకు పంచారో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. డాక్టరుకు తెలిసింది ల్యాబ్ అతనికి తెలియదు. ల్యాబ్ అతనికి కనిపించేది డాక్టరుకు కనిపించదు. రోగి ఇంటి వాకిట్లో ఏం జరుగుతుందో ఆశాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకరి మాట ఇంకొకరికి చేర్చడానికి మధ్యలో నేను. నీళ్ల గొట్టంలాంటి వాణ్ణి. ఆ గొట్టం తనను తాను ట్యాంకు అనుకుంది. మిగతా కథంతా అదే.

బాలమణి

మామిడిపల్లి దగ్గరి ఒక ఊళ్లో బాలమణి ఆశా కార్యకర్త. ఏడో తరగతి చదివింది. సన్నగా ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆమె ఇంటి గూట్లో రోగుల డబ్బాలు, పక్కనే ఒక స్టీలు చెంబు, గ్లాసు. పొద్దున్నే రోగి వచ్చి అరుగు మీద కూర్చుంటే గ్లాసుతో నీళ్లిచ్చి ఎదురుగా నిలబడేది. ఏడు మాత్రలూ పోయాక "నోరు తెరువు బిడ్డా" అనేది. అరవై ఏళ్ల ముసలాయన్ని కూడా అలాగే అనేది. ఊళ్లో అందరికీ ఆమె గోళీల అక్క.

2010లో ఆ ఊళ్లో జంగయ్యకు క్షయ అని తేలింది. ముప్పై ఐదేళ్లుంటాయి. ఉన్న కొంచెం భూమి ఎయిర్‌పోర్టు కింద పోయింది. ఆ ఎయిర్‌పోర్టులోనే ఒక గుత్తేదారు కింద గడ్డి కోసే పనికి కుదిరాడు. భార్య సుగుణ కాటేదాన్‌లో బిస్కెట్లు ప్యాకింగు చేసే షెడ్డులో పని చేసేది. ఒకటే గది, ఒకటే తలుపు, ఇద్దరే మనుషులు.

రెండు వారాలు బాలమణి దగ్గర పద్ధతిగా మింగాడు. మూడో వారం నా స్కూటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"డాక్టర్ సాబ్, జర ఒక మాట."

"చెప్పు జంగయ్యా."

"పొద్దుగాల ఆరింటికి వ్యాను వస్తది సాబ్. అక్క గోళీలిచ్చేది ఎనిమిదింటికి. గిట్ల వారానికి మూడు దినాలు నాగా పెడితే గుత్తేదారు పేరు కొట్టేస్తడు. టీబీ అని తెలిస్తే అసలే లోపలికి రానియ్యడు. ఇంటికియ్యిండ్రి, పని కాడ తిన్నంక వేసుకుంట."

ఇంటికి ఇవ్వకూడదు. ఆ సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఊరూరా ఆ మాట చెప్పేది నేనే. కానీ అతను చేతులు కట్టుకొని, నా నోటి నుంచి వచ్చే మాటే ఆఖరు మాట అన్నట్టు చూస్తున్నాడు. అలా చూసినవాణ్ణి "మేడంను అడుగు" అని పంపడం నాకు చేతకాలేదు.

"సరే, నేను పర్మిషన్ ఇస్తున్న. మింగుతవా మరి?"

"సుగుణ మీద ఒట్టు సాబ్."

అక్కడి నుంచి నేరుగా బాలమణి ఇంటికి వెళ్లి, జంగయ్య పట్టీలు వారానికి మూడు చొప్పున సుగుణ చేతికి ఇచ్చెయ్యమన్నాను. ఖాళీ పట్టీలు తెచ్చి ఇస్తే టిక్కులు పెట్టుకోమన్నాను.

బాలమణి గూటికి అడ్డంగా నిలబడింది.

"గోళీలిచ్చుడు నా పని కాదు సార్. మింగేదాక చూసుడు నా పని. ఇచ్చేటిదైతే కిరాణం దుకాణమాయన గూడ ఇస్తడు."

"ఆయనకు డ్యూటీ ఉన్నది బాలమణీ."

"ఉంటే ఉండనియ్యిండ్రి. ఐదున్నరకు నేనే ఆయన ఇంటికి పోత. చెంబు పట్టుకపోవుడే గద, నాకేం బరువు?"

ఇక్కడ ఆగి చూడండి. దారి దొరికింది. అతని ఉద్యోగం పోదు, మందు తప్పదు, ఎవరికీ కష్టం లేదు. నేను అనాల్సింది ఒక్క మాట, "అట్లనే చెయ్యి" అని. కానీ నేను అప్పటికే పర్మిషన్ ఇచ్చి వచ్చాను. ఏడో తరగతి చదివిన ఆడమనిషి ఇచ్చిన సలహా మీద డాక్టర్ సాబ్ మాట వెనక్కి తీసుకోవడమా?

"ఇగ నాకు నేర్పకు. డబ్బా ఇటియ్యి," అన్నాను.

ఇచ్చింది. టిక్కులు మాత్రం పెట్టనంది. "నేను చూడలేదు గద సార్" అని కార్డు కూడా నా చేతిలోనే పెట్టింది. ఆ రోజు నుంచి పట్టీలు నేనే పంపాను, టిక్కులు నా పెన్నుతో నేనే పెట్టాను. సోమవారం కూర్చొని మూడు టిక్కులు ఒకేసారి.

ఫారూఖ్ చూసింది

రెండు నెలలయ్యాక కఫం మళ్లీ పరీక్షించాలి. జంగయ్యకు వీలు కాలేదు, సుగుణ చేత డబ్బీ పంపాడు. మా ల్యాబ్ టెక్నీషియన్ ఫారూఖ్ మూత తీసి, వెలుగుకు పట్టి చూసి నన్ను పిలిచాడు.

"విఠల్ భాయ్, ఇది ఉమ్మి. కఫం కాదు. దీంట్ల దున్నపోతును దాచినా నాకు కనపడదు. మళ్ల తెమ్మను."

"ఆయన పని మీద ఉన్నడు. చూసి, కనపడకపోతే కనపడలేదని రాయి."

"రాస్త. కానీ ఉమ్మి అని గూడ రాస్త."

రాశాడు. క్రిములు కనిపించలేదు అని పైన, లాలాజలం మాత్రమే, మళ్లీ నమూనా కావాలి అని కింద. నేను ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టి, మా డాక్టరు వసుంధర గారి గదిలోకి తల మాత్రం పెట్టి, "జంగయ్యది నెగెటివ్ మేడం," అన్నాను. ఆమె గుంటూరు వైపు మనిషి, ఎవరినైనా గారు అనకుండా పిలవదు. గది బయట జ్వరాల వాళ్ల వరస గేటు దాకా ఉంది.

"మంచిదండీ విఠల్ గారూ. మీరున్నారు కాబట్టి నాకు ఆ ఊళ్ల గురించి నిశ్చింత," అంది తలెత్తకుండానే.

ఆ మాటను ఆ వారమంతా మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో మా ఆవిడను అడగండి.

ఎర్రగా రాలేదు

ఆ ఏడు మాత్రల్లో ఒకటి ఎర్రది. అది మింగిన మనిషికి ఒంటేలు, అంటే మూత్రం, ఎర్రగా వస్తుంది. మొదటి వారంలోనే జంగయ్య భయపడి బాలమణి దగ్గరికి పరుగెత్తాడట, "అక్కా, నెత్తురు పోతున్నది" అని. "గోళీ రంగు బిడ్డా, ఎర్రగ వస్తేనే మంచిది" అని ఆమె ధైర్యం చెప్పి పంపింది.

మూడో నెలలో ఒక సోమవారం ఆశా కార్యకర్తల మీటింగు. ఇరవై మంది ఆడవాళ్లు హాల్లో చాపల మీద కూర్చున్నారు. నేను కుర్చీలో. బాలమణి లేచి నిలబడింది.

"సార్, జంగయ్య గోళీలు మింగుతలేడు."

"ఖాళీ పట్టీలు నా టేబుల్ మీద ఉన్నయ్ బాలమణీ. ఎట్ల మింగుతలేడు?"

"పట్టీలు ఖాళీ అయితున్నయ్ సార్. ఒంటేలు ఎర్రగ అయితలేదు. సుగుణను అడిగిన. నెలన్నర సంది మామూలుగనే ఉన్నదట."

ఇరవై మంది నా వైపు చూశారు. సమాధానం లేనప్పుడు నవ్వించడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు.

"ఇన్నొద్దులు గోళీల అక్క. ఇప్పుడు ఒంటేలు డాక్టర్ గూడ అయింది మన బాలమణి," అన్నాను. "ఇగ ఫారూఖ్‌ను ఇంటికి పంపి ఈమెనే ల్యాబ్‌ల కూసోబెడదం."

అందరూ నవ్వారు. నవ్వకపోతే నేను ఏమనుకుంటానోనని కొందరు ఎక్కువ నవ్వారు. బాలమణి కొంగు సర్దుకొని కూర్చుంది. మీటింగు అయ్యేదాకా తల ఎత్తలేదు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది అని రాయబోయాను. అది కూడా పెంచి చెప్పడమే. అసలు నిజం, ఆ నవ్వును నేను ఆ రోజంతా బాగా ఆనందించాను.

టిక్కులు

జంగయ్య ఏం చేశాడో తరువాత తెలిసింది. పని దగ్గర నలుగురూ చూస్తారని ఇంట్లోనే పరగడుపున ఏడు మాత్రలు వేసుకుంటే వ్యాన్లో వాంతి అయింది. గుత్తేదారు మనిషి "తాగొచ్చినవారా" అని దింపేశాడు. ఆ రోజు నుంచి పట్టీలోంచి మాత్రలు ఒక్కొక్కటే నొక్కి, కోసిన గడ్డి కుప్పలో పారేసి, ఖాళీ పట్టీ టిఫిను డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చేవాడు. సుగుణ వాటిని కడిగి, తుడిచి నాకు పంపేది. ఇంత శుభ్రంగా పట్టీలు పంపే రోగి ఇంకొకడు లేడని నేను రెండు ఊళ్లలో ఉదాహరణ కూడా చెప్పాను.

ఐదో నెలలో సుగుణకు దగ్గు పట్టుకుంది. బాలమణి నన్ను అడగలేదు. ఇద్దర్నీ వెంటబెట్టుకొని నేరుగా వసుంధర గారి ముందు కూర్చోబెట్టింది. ఫారూఖ్ ఇద్దరి కఫమూ చూశాడు. ఇద్దరిలోనూ క్రిములున్నాయి. జంగయ్య గాజు పలక మీద లెక్కపెట్టలేనన్ని.

డాక్టరు గారు కార్డు తెప్పించింది. గదిలో ఆమె, నేను, బాలమణి.

"బాలమణి గారూ, ఇతను మాత్రలు మింగడం మీరు చూశారా?"

"మొదటి రెండు వారాలు చూసిన మేడం. తర్వాత చూడలేదు."

"మరి ఈ టిక్కులన్నీ?"

బాలమణి నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. ఏదో ట్రాక్టరు కంపెనీ క్యాలెండరు. ట్రాక్టరు రంగు, నంబరు ప్లేటు, అన్నీ చూశాను. అంత శ్రద్ధగా నా జీవితంలో దేన్నీ చూడలేదు.

బాలమణి చూపు కార్డు మీదికి దించుకుంది.

"ఇది చాలా తప్పండీ," అంది డాక్టరు గారు. గొంతు పెంచలేదు. "మీ మీద నమ్మకంతో డబ్బా ఇచ్చాం. ఇక మీ దగ్గర డబ్బాలు వద్దు, మీ ఊరి సబ్‌సెంటర్లో నర్సమ్మ దగ్గర పెడదాం." ఫైలు తిరగేస్తూ ఫారూఖ్ రిపోర్టు దగ్గర ఆగింది. కింది వాక్యం చదివింది. "ఇది నేను కళ్లతో చూసి ఉండాల్సింది. ఈ పొరపాటు నాది," అంది.

చూడండి, ఆ గదిలో చూసుకోని తప్పుకు డాక్టరు తప్పు ఒప్పుకుంది. చేయని తప్పుకు ఆశా కార్యకర్త మాట పడింది. చేసినవాడు ట్రాక్టరు చూస్తున్నాడు. మీకు ఎలాంటి పై అధికారి దొరకాలని అడిగితే వసుంధర గారిలాంటి మనిషి అంటాను. కానీ ఆమె కింద నాలాంటివాడు ఉంటే ఆమె మంచితనం రోగికి చేరదు.

బాలమణి గూడు ఖాళీ అయింది. ఊళ్లో కొన్నాళ్లు ఆమెను గోళీల అక్క అని ఎవరూ పిలవలేదు. ఆమె సరిగ్గా ఇవ్వకే జంగయ్యకు రోగం తిరగబెట్టిందన్నారు. నేను ఆ మాట విన్నాను, స్కూటర్ ఆపకుండా వెళ్లాను.

విమానాల సప్పుడు

జంగయ్యకు ఈసారి మందు పెద్దది. ఎనిమిది నెలలు మాత్రలు, మొదటి రెండు నెలలు వాటితో పాటు సూదులు కూడా. నర్సమ్మ సూది వేసేది. బాలమణికి ఆ పని లేకపోయినా, తెల్లారకముందే వెళ్లి జంగయ్యనూ సుగుణనూ నిద్రలేపి తీసుకొచ్చేది.

నెల దాటాక జంగయ్య నాతో, "డాక్టర్ సాబ్, చెవులల్ల గుయ్యిమంటున్నది," అన్నాడు.

ఆ సూది కొందరికి చెవులకు ఎక్కుతుంది. చెవిలో హోరు అంటే వెంటనే డాక్టరుకు చెప్పాలని మాకు శిక్షణలో చెప్పారు. నేను మాత్రం పైకి చూశాను. అప్పుడే ఒక విమానం మా నెత్తి మీదుగా దిగుతోంది.

"దినమంత విమానాల కింద గడ్డి కోస్తవు, గుయ్యిమనక ఏమంటది? నాకూ అంటది. పో," అన్నాను.

మా ప్రాంతంలో ఆ రోజుల్లో అందరిదీ అదే మాట. పాప ఉలిక్కిపడితే విమానం, బర్రె పాలివ్వకపోతే విమానం, తల నొస్తే విమానం. జనం అనొచ్చు, తెల్ల బుష్‌షర్టు వేసుకున్నవాడు అనకూడదు. జంగయ్య నమ్మాడు. ఇంకో రెండు వారాలు సూదులు పడ్డాయి. ఒక పొద్దున బాలమణి వెనక నుంచి పిలిస్తే అతను తిరగలేదు. ఆమె అతని ఎదురుగా వచ్చి, చెవి దగ్గర చిటిక వేసి, చెయ్యి పట్టుకొని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లింది. సూదులు ఆ రోజే ఆపారు. అప్పటికే ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం మిగిలింది.

క్షయ తగ్గింది. సుగుణకు కూడా తగ్గింది, కానీ ఒక వైపు ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. బిందె ఎత్తితే రొప్పు, నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. కాటేదాన్ పని మానేసింది. వెనక నుంచి వచ్చే బండి హారను వినపడనివాణ్ణి ఎయిర్‌పోర్టులో ఎవరుంచుకుంటారు? ఏ ఉద్యోగం కాపాడుతున్నానని నేను పర్మిషన్ ఇచ్చానో అదే పోయింది.

సన్మానం

2014లో నాకు రిటైర్మెంటు సన్మానం చేశారు. శాలువా కప్పారు. ఆశా కార్యకర్తలంతా కలిసి గోడ గడియారం ఇచ్చారు. వసుంధర గారు అప్పటికే బదిలీ అయి వెళ్లిపోయింది. మైకు నా చేతికి వచ్చింది.

ఒక రోగి ఉండేవాడని మొదలుపెట్టాను. ఖాళీ పట్టీలు తెచ్చి అందర్నీ మోసం చేసేవాడని చెప్పాను. "ల్యాబ్ పట్టుకోలేదు, ఎవరూ పట్టుకోలేదు. నేను ఒక్కటే అడిగాను, ఒంటేలు ఎర్రగా వస్తోందా అని. దొరికిపోయాడు. ఇద్దరి ప్రాణాలు నిలబడ్డాయి."

చప్పట్లు. చివరి వరసలో ఫారూఖ్ కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లాడు. అతని పక్కన బాలమణి. అందరితో పాటు ఆమె కూడా చప్పట్లు కొట్టింది. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "మంచిగ చెప్పిండ్రు సార్," అంది. వెటకారం కాదు. వెటకారమైతే నాకు సుఖంగా ఉండేది.

బస్టాపు

రిటైరైన కొన్ని నెలలకు రాజేంద్రనగర్ వెళ్లడానికి శంషాబాద్ బస్టాపులో నిలబడ్డాను. జంగయ్య కనిపించాడు. ఇప్పుడు ఒక నర్సరీలో మొక్కలకు నీళ్లు పడుతున్నాడట. నన్ను చూసి చేతులెత్తి దండం పెట్టాడు.

నాకు ఏమైందో తెలియదు, దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నాను. "జంగయ్యా, తప్పు నాది."

"ఏంది సాబ్?" కుడి చెవి నా వైపు తిప్పి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ చెవు పనిజెయ్యది. జర గట్టిగ చెప్పుండ్రి."

చుట్టూ చూశాను. చాయ్ బండి అతను, పూలమ్మే ఆమె, బస్సు కోసం పది మంది. అందులో సగం మందికి నేను డాక్టర్ సాబ్‌ని.

"బాగున్నవా అంటున్న," అని అరిచాను.

"బాగున్న డాక్టర్ సాబ్. మీ దయ."

బస్సు వచ్చింది, ఎక్కాను. నేను డాక్టర్ని కాదన్న మాటైనా చెప్పలేకపోయాను.

చదివినది ఎవరు

ఇక్కడిదాకా రాసి, పోయిన వారం ఈ కాగితాలు తీసుకొని బాలమణి ఇంటికి వెళ్లాను. గూట్లో మళ్లీ డబ్బాలున్నాయి. వసుంధర గారు బదిలీ మీద పోయేముందు తిరిగి ఇప్పించింది. ఎందుకని అడిగే ధైర్యం నాకు అప్పుడూ లేకపోయింది, ఇప్పుడూ లేకపోయింది. బాలమణి కళ్లద్దాలు పెట్టుకొని, అరుగు మీద కూర్చొని, వేలు పెట్టి వరస వరస చదివింది. చాలాసేపు పట్టింది.

"నేను ఐదున్నరకు పోత అన్లేదు సార్. ఐదింటికే పోత అన్న," అంది ముందుగా.

నా సంగతులు రాసేటప్పుడు పదకొండు ఊళ్లను నలభై చేస్తాను. ఆమెవి రాసేటప్పుడు అర గంట కోసేశాను. పైన దాన్ని దిద్దలేదు, మీరు చూడాలని అలాగే ఉంచాను.

"ఆ రోజు మేడం ముందర టిక్కులు నావి అని ఎందుకు చెప్పలేదు బాలమణీ?"

"చెప్తే మీ పంచాయతి మొదలైతుండె. ఎంక్వయిరీ, సంతకాలు. జంగయ్యకు మరునాడే సూది మొదలుపెట్టాలె గద. మీ పంచాయతి తర్వాత గూడ చేసుకోవచ్చు అనుకున్న." కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "తర్వాత మీరే చెప్తరనుకున్న."

నా సన్మానం రోజు దాకా, నాలుగేళ్లు అనుకుంది.

కాగితాలు ఆమె వైపు జరిపాను. "వాళ్లకు ఇయ్యి బాలమణీ. సుగుణకు చదువొచ్చు గద, జంగయ్యకు చదివి వినిపిస్తది. నేను తర్వాత వచ్చి కలుస్త."

ఆమె వాటిని మడత పెట్టి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"ఇచ్చుడు నా పని కాదు సార్. సోమవారం పొద్దుగాల మీరే రండ్రి. ఇద్దర్ని ఈడనే కూసోబెడత. జంగయ్య కుడి దిక్కు కూసోని గట్టిగ చదువుండ్రి."

"నడుమ గొంతు పట్టుకుంటే?"

ఆమె గూట్లో ఉన్న చెంబు వైపు చూపించింది.

"నీళ్లిస్త. అయిపోయేదాక ముందట నిలబడత."